కరువు సీమకు కాల్వలు తవ్వించిన కాటన్ దొర

ఏలూరు: పడమటి నుంచి కృష్ణ నీరు, తూర్పు నుంచి గోదావరి నీరు వచ్చి కలిసే వూరు మన ఏలూరు. బెజవాడ వైపు నుంచి వచ్చే కాల్వను ఏలూరు కాల్వ అంటాము. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే కాల్వను కూడా ఏలూరు కాల్వే అంటాము. ఎక్కడో నాసిక్ దగ్గర పుట్టిన గోదావరికీ, మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణకూ మన వూరి దగ్గర చుట్టరికం కలిపిన మనిషి తెల్లవాడు. ఆయన పేరు ఆర్థర్ కాటన్. మన పెద్దలకు ఆయన కాటన్ దొర.

డెల్టాలో చాలా వూళ్ళలో ఆయన విగ్రహాలు వున్నాయి. పుట్టినరోజుకు దండలు వేస్తారు. గోదావరిలో స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు కూడా తలచిన పండితులు వుండేవారని చెప్పుకుంటారు. అయితే ఆయన అసలు ఈ ప్రాంతానికి ఎందుకు వచ్చాడు, వచ్చేనాటికి ఇక్కడి పరిస్థితి ఏమిటి, వచ్చి ఏమి చేశాడు, ఏమి చేయలేకపోయాడు అన్నది నేటి కుర్రకారులో చాలామందికి తెలియదు. ఆనకట్ట కట్టాడు అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాము. ఆనకట్ట వెనుక పెద్ద కథ వుంది. అది కరువులోనూ, తుపానులోనూ చితికిపోయిన ఒక సీమ తిరిగి లేచి నిలబడిన కథ.

నీరు వుండి కూడా కరువే

నేటి గోదావరి జిల్లాలను చూసినవారు ఒకప్పుడు ఇక్కడ జనం తిండి లేక వూళ్ళు విడిచి పోయారంటే నమ్మరు. అది నిజం. 1832లో వచ్చిన తుపాను పంటలను తుడిచిపెట్టింది. ఆ వెంటనే వానలు మొండికేశాయి. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక దానిని నందన కరువు అన్నారు. బక్కచిక్కి డొక్కలు బయటపడిన మనుషులను చూసి డొక్కల కరువు అని కూడా పిలిచారు. గుంటూరు సీమలో సుమారు ఐదు లక్షల జనాభా వుంటే అందులో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని నాటి లెక్కలు చెబుతున్నాయి. మచిలీపట్నం, రాజమండ్రి జిల్లాలు కూడా ఆ కరువులో నలిగిపోయాయి. బతికినవారు పిల్లాజెల్లాతో మద్రాసు దారి పట్టారు. దారిలోనే రాలిపోయినవారు ఎందరో.

ఆ దెబ్బ నుంచి కోలుకోకముందే 1839 నవంబరులో మరో పెను తుపాను వచ్చింది. కోరంగి రేవు మీద సముద్రం విరుచుకుపడింది. ఓడలు, ఇళ్ళు, మనుషులు కొట్టుకుపోయారు. వుప్పునీరు ఎక్కిన భూములు ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

దీని ఫలితం జనాభా లెక్కలలో కనిపిస్తుంది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. ఇరవై ఏళ్ళ తరువాత 1841లో అది 5,61,041. పెరగవలసిన జనాభా లక్షా డెబ్బై ఏడు వేలు తగ్గింది. పక్కనే జీవనది పారుతుండగా ఇది జరిగింది.

కారణం పెద్ద రహస్యం కాదు. గోదావరి వేసవిలో ఇసుక మేట. వర్షాకాలంలో సముద్రం. వరద వస్తే గట్లు లేని నేల మునుగుతుంది. వరద తగ్గితే నీరు ఏటి అడుగుకు దిగి, పొలం గట్టు పైన వుండిపోతుంది. చెరువులు, ఏటి పాయల నుంచి తవ్వుకున్న చిన్న కాల్వలు పూర్వం నుంచి వున్నా, పూడికతో పాడుపడ్డాయి. రైతు చేసిన కష్టం వాన దయ మీద, వరద దయ మీద ఆధారపడేది. శిస్తు మాత్రం వీటితో పని లేకుండా వసూలయ్యేది.

పదకొండు మంది అన్నదమ్ములలో పదోవాడు

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి హెన్రీ కాల్వలీ కాటన్. పదకొండు మంది కొడుకులలో ఆర్థర్ పదోవాడు. పెద్ద సంసారం కనుక ఎవరి దారి వారు చూసుకోవలసిందే. పదిహేనేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబు సైనిక పాఠశాలలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో వుద్యోగం దొరికింది. 1821లో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు.

మొదట్లో ఆయనకు అప్పగించిన పనులలో ఒకటి రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధి సర్వే. తరువాత 1824 నుంచి 1826 వరకు జరిగిన మొదటి బర్మా యుద్ధానికి వెళ్ళాడు. అడవులలో, బురదలో సాగిన ఆ యుద్ధంలో ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆ తరువాత జీవితమంతా జబ్బులు ఆయనను వదలలేదు. అయినా తొంభై ఆరేళ్ళు బతికాడు.

కావేరి దగ్గర చదువుకున్న చదువు

బర్మా నుంచి తిరిగి వచ్చాక తంజావూరు, తిరుచ్చి ప్రాంతాలలో కావేరి పనులు ఆయనకు అప్పగించారు. అక్కడే ఆయనకు అసలు చదువు అబ్బింది. కరికాల చోళుడు కట్టించినదని చెప్పే కల్లణై అనే ప్రాచీన ఆనకట్ట అక్కడ వుంది. పునాదికి రాయి తగలని ఇసుక నేల మీద బండరాళ్ళు పేర్చి కట్టిన కట్టడం అది. వందల ఏళ్ళుగా వరదలకు తట్టుకుని నిలబడింది. ఇసుకలో పెద్ద కట్టడం నిలవదని చాలామంది ఇంజనీర్లు అనుకునే రోజులలో, ఈ దేశపు పూర్వీకులు దానిని కట్టి చూపించారు. కాటన్ ఆ కట్టడాన్ని కింద నుంచి పై దాకా పరిశీలించాడు. ఇసుక మీద ఎలా కట్టాలో తాను ఈ దేశపు పాత పనివారి దగ్గరే నేర్చుకున్నానని తరువాత కాలంలో దాచకుండా ఒప్పుకున్నాడు. ఆయన గొప్పతనంలో ఇది ముఖ్యమైన సంగతి.

ఆనాడు కావేరికి ఒక చిక్కు వచ్చింది. కావేరి పాయలో ఇసుక మేట వేసి, నీరంతా పక్కనున్న కొల్లిడం పాయలోకి జారిపోతున్నది. తంజావూరు పొలాలు ఎండిపోసాగాయి. కాటన్ కల్లణై దగ్గర ఇసుక పోయేందుకు తూములు పెట్టించాడు. 1836 నాటికి కొల్లిడం మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి రెండు ఆనకట్టలు కట్టించాడు. తంజావూరు తిరిగి పచ్చబడింది. రాబడి పెరగడం చూసి కంపెనీ పెద్దలకు కూడా నీటి పనుల మీద కొంత నమ్మకం కుదిరింది.

తరువాత జబ్బు ముదిరి సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళాడు. 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళాడాడు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో పని ఇచ్చారు. అక్కడ సముద్రం ఒడ్డును కోసుకుంటూ వూరి మీదికి వస్తున్నది. అలల తాకిడి తగ్గించేందుకు సముద్రంలోకి అడ్డుకట్టలు వేయించాడు. అక్కడ వుండగానే గోదావరి నుంచి పిలుపు వచ్చింది.

గోదావరి గట్టున దొర

రాజమండ్రి జిల్లా ఎందుకు ఇలా దిగజారిపోతున్నదో చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం 1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపింది. కాల్వలూ చెరువులూ బాగు చేయకుండా ఈ జిల్లా బాగుపడదనీ, ఒక ఇంజనీరును పంపి చూపించాలనీ ఆయన చెప్పాడు. ఆ పని మీద 1844లో కాటన్ వచ్చాడు.

నదీ తీరం వెంబడి తిరిగి, ఎక్కడ నేల ఎత్తు, ఎక్కడ పల్లం, నీరు ఎటు నడుస్తుంది అని కొలిచి చూశాడు. డెల్టా నేల తీరు ఆయనకు తెలిసిపోయింది. ఏటి ఒడ్డు ఎత్తుగా వుంటుంది. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ నేల దిగుతుంది. అన్నిటికంటే పల్లం మన కొల్లేరు. కనుక ఏటి మొదట్లో నీటిని కాస్త పైకి ఎత్తి, ఎత్తు నేల వెంట కాల్వలు తీస్తే చాలు, నీరు తనంతట తాను పొలాలకు దిగుతుంది. నది కొండలు దాటి మైదానంలోకి విచ్చుకునే ధవళేశ్వరమే దానికి తగిన చోటు. అక్కడ నది నాలుగు పాయలుగా వుంది. నడుమ లంకలు వున్నాయి. పక్కనే రాతి కొండ వుంది.

1844లో ఒకసారి, 1845లో మరోసారి ప్రభుత్వానికి నివేదికలు పంపాడు. తంజావూరునూ రాజమండ్రినీ పక్కపక్కన పెట్టి చూపాడు. నేల ఒకటే, ఎండ ఒకటే. నీటి ఏర్పాటు వున్నచోట ధాన్యం రాసులు, లేనిచోట శవాల గుట్టలు అన్నది ఆయన వాదం సారాంశం. కంపెనీ వారికి జనం బాధ కంటే రాబడి లెక్క త్వరగా అర్థమవుతుందని తెలిసినవాడు కనుక ఆ లెక్క కూడా వేసి చూపాడు. లండనులోని కంపెనీ డైరెక్టర్లు 1846 డిసెంబరులో అనుమతి ఇచ్చారు. 1847లో పని మొదలైంది.

ఒక సంగతి ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. ఆయన అడిగింది ఒక్క గోడ కాదు. ఆనకట్ట, కాల్వలు, మురుగు పోయే దారులు, వరద రాకుండా ఏటిగట్లు, పడవలు నడిచే ఏర్పాటు, వంతెనలు, రోడ్లు. ఇవన్నీ కలిపితేనే సీమ బాగుపడుతుందన్నాడు. కరువు వచ్చినచోటికి గింజలు చేరవేసే దారి లేకపోతే పొరుగు జిల్లాలో ధాన్యం పండినా చచ్చేవాడు చస్తాడని ఆయన ఎరుగును.

పది వేల మంది పని

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఈ నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టారు. అన్నీ కలిపి పొడవు పన్నెండు వేల అడుగుల దాకా వుంటుంది. ఎత్తు పన్నెండు అడుగులు. ఇసుకలోకి బావులు దించి, వాటి మీద గోడ లేపి, వెనుక బండరాళ్ళు పోసి వాలు కట్టారు. కొండ నుంచి రాయి తెచ్చేందుకు ఇనుప పట్టాలు వేశారు. దేశంలో ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి దగ్గర నడిచింది. అంతకు ముందే ధవళేశ్వరంలో పట్టాల మీద రాళ్ళ బండ్లు తిరిగాయి. పైనున్న అడవుల నుంచి టేకు దుంగలు ఏటి మీద తేలుతూ వచ్చాయి. సున్నం బట్టీలు, ఇటుక బట్టీలు, కొలుములు రాత్రింబవళ్ళు మండాయి.

పనికి సుమారు పది వేల మంది వచ్చారు. అంతకు ముందు కరువులో వూళ్ళు వదిలిపోయినవారికి ఇప్పుడు సొంత సీమలోనే కూలి దొరికింది. కరువు సీమను బాగుచేయడానికి మొదటి మెట్టు జనానికి పని చూపడం. నేడు కరువు పనులు, వుపాధి పనులు అని మనం అంటున్న దాని అసలు రూపం ఇదే.

ఇంతమందిని కూడగట్టి, పని చేయించి, కూలి సర్ది, తగాదాలు తీర్చిన మన మనిషి వీణం వీరన్న. కాటన్‌కు ఆయన కుడిభుజం. తెలుగువారికీ దొరకూ నడుమ వారధిగా నిలిచాడు. ఆయన సేవకు మెచ్చి ప్రభుత్వం రాయ్ బహద్దూర్ బిరుదు ఇచ్చింది. కాటన్ విగ్రహాలు వూరూరా వున్నా వీరన్న పేరు తెలిసినవారు తక్కువ. ఇక రాళ్ళు మోసిన, బావులు దించిన, నడుము లోతు నీళ్ళలో నిలబడిన ఆడా మగా కూలీల పేర్లు ఎక్కడా లేవు. ఆనకట్ట వారి చేతి పని అన్న మాట మరువకూడదు.

పని సాఫీగా సాగలేదు. వేసవి ఎండలలో ఏటి ఇసుక మీద నిలబడి పని చేయించిన కాటన్ ఆరోగ్యం 1848లో మళ్ళీ చెడింది. సెలవు మీద పోక తప్పలేదు. ఆయన లేని కాలంలో కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు పని నడిపాడు. ప్రతి ఏడూ జూలై, ఆగస్టు వచ్చేసరికి సగం కట్టిన గోడ మీద నుంచి వరద పారేది. నీరు తీసేవరకు ఏది నిలిచిందో ఏది పోయిందో తెలిసేది కాదు. డబ్బు చాలక మళ్ళీ మళ్ళీ మద్రాసుకు రాయవలసి వచ్చేది. ఎట్టకేలకు 1852 మార్చి నెలాఖరుకు ఆనకట్ట పూర్తయింది.

మన వైపు వచ్చిన నీరు

విజ్జేశ్వరం తూము నుంచి బయలుదేరిన నీరు పడమటి డెల్టాకు ప్రాణం పోసింది. నరసాపురం కాల్వ, అత్తిలి కాల్వ, వుండి కాల్వ, ఏలూరు కాల్వ ఇలా ఒక్కొక్కటే అల్లుకున్నాయి. ఇప్పుడు పడమటి డెల్టా ఆయకట్టు ఐదు లక్షల ఎకరాలకు పైనే. గోదావరి మూడు డెల్టాలు కలిపితే పది లక్షల ఎకరాల పైచిలుకు.

కాల్వ తవ్వినవారికి వాగులు, డ్రెయిన్లు అడ్డం వచ్చాయి. తాడేపల్లిగూడెం దగ్గర నందమూరు వెళ్ళినవారు ఆ వింత చూసి వుంటారు. పైన ఏలూరు కాల్వ పారుతుంది. కింద నుంచి ఎర్రకాల్వ పోతుంది. నీటి మీద నీరు. మంచినీటిని మురుగుతో, వరదతో కలవనీయకుండా దాటించే ఈ పద్ధతే మొత్తం డెల్టా పనులకు మూలసూత్రం.

కాల్వలన్నిటికీ లాకులు పెట్టి పడవలు నడిచే ఏర్పాటు చేశారు. రోడ్లు సరిగా లేని రోజులలో రాదారి పడవలే మన బస్సులు. పెళ్ళివారు, సంతకు పోయేవారు, ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, వుప్పు, పొగాకు అన్నీ కాల్వ మీదనే. గట్టు మీద మనిషి తాడుతో లాగుతుంటే పడవ మెల్లగా సాగేది. కృష్ణ కాల్వ కూడా వచ్చి ఏలూరులో కలిసిన తరువాత కాకినాడ నుంచి బకింగ్‌హాం కాల్వ మీదుగా మద్రాసు దాకా నీటి మీదనే పోయే దారి ఏర్పడింది. ఇప్పుడు ఆ పడవలు లేవు. లాకుల దగ్గర పాత రాతి కట్టడాలు మాత్రం మిగిలాయి.

గోదావరి పని చూశాక కృష్ణ మీద కూడా కట్టాలని నిర్ణయించారు. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తి చేశారు. ఆ పని కెప్టెన్ ఆర్ చేతి మీదుగా జరిగింది. నేడు ఆ చోటనే 1957లో తయారైన ప్రకాశం బ్యారేజి వుంది.

ధాత కరువులో తేలిన నిజం

కట్టినది ఎంత గట్టిదో కష్టకాలంలోనే తెలుస్తుంది. 1876లో ధాత నామ సంవత్సరంలో మద్రాసు రాజధానిని మహాకరువు పట్టింది. 1878 దాకా అది వదలలేదు. రాయలసీమ, బళ్ళారి, సేలం వంటి జిల్లాలలో లక్షలాది జనం చనిపోయారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఆ ఘోరం జరగలేదు. ఇక్కడ పంట పండింది. ఇక్కడి ధాన్యం పడవలు ఎక్కి కరువు జిల్లాలకు పోయింది. నలభై నాలుగేళ్ళ కిందట తిండి కోసం వూళ్ళు విడిచిన సీమ ఇతరులకు తిండి పెట్టింది.

అప్పటికి కాటన్ ఇంగ్లండులో వున్నాడు. 1860లో వుద్యోగ విరమణ చేశాడు. 1861లో సర్ బిరుదు ఇచ్చారు. అయినా ఆయన నోరు మూసుకుని కూర్చోలేదు. డబ్బంతా రైళ్ళ మీద పోసి నీటి పనులను గాలికి వదిలారని పత్రికలలో, సభలలో పోరాడాడు. రైలు గింజలను మోయగలదు కాని గింజలను పండించలేదు అన్నది ఆయన వాదం. 1878లో పార్లమెంటు ఒక విచారణ సంఘం వేసి ఆయనను పిలిచి ప్రశ్నలు వేసింది. రైళ్ళ వైపు వున్న పెద్దలు ఆయన లెక్కలు అతిశయోక్తులని కొట్టిపారేశారు.

వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. కాటన్ తలపెట్టినవన్నీ గోదావరిలా ఫలించలేదు. ఒరిస్సా కాల్వలను చేపట్టిన ప్రయివేటు కంపెనీ నష్టాల పాలైంది. కర్నూలు కడప కాల్వ తవ్విన కంపెనీ కూడా అంతే. 1882లో ప్రభుత్వం ఆ కాల్వను కొనవలసి వచ్చింది. డెల్టాలో చెల్లిన లెక్క మెట్టలో చెల్లలేదు. మన మెట్ట వూళ్ళకు కూడా ఆనకట్ట నీరు ఎక్కలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇంకో మాట. కంపెనీకి ఈ పని ధర్మకార్యం కాదు. నీరు పారిన ప్రతి ఎకరం మీద శిస్తు వచ్చింది. అయినా ఆ ఖజానా లెక్కల నడుమ నుంచి జనానికి అన్నం దారి తీసినవాడు కాటన్. ఆయన ప్రత్యేకత అది.

చివరి రోజులలో డార్కింగ్ అనే వూరిలో వుండి, తన తోటలోనే నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి, తక్కువ నేలలో ఎక్కువ పంట ఎలా తీయవచ్చునో ప్రయోగాలు చేశాడు. తొంభై ఏళ్ళు దాటినా మట్టి వదలలేదు. 1899 జూలై 24న కన్నుమూశాడు. కూతురు లేడీ హోప్ ఆ మరుసటి ఏడు ఆయన జీవిత చరిత్ర అచ్చు వేయించింది.

మనకు మిగిల్చిన పని

ఆయన కట్టించిన ఆనకట్ట నూట ముప్ఫై ఏళ్ళు పని చేసింది. దాని స్థానంలో 1970లో మొదలైన కొత్త బ్యారేజి 1982 నాటికి పూర్తయింది. 175 గేట్లు గల ఆ బ్యారేజికి ఆయన పేరే పెట్టారు.

అయితే ఆనకట్ట వరదను ఆపదు. ఈ మాట ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఆనకట్ట నీటిని ఎత్తి కాల్వకు మళ్ళిస్తుంది, అంతే. వరదను ఆపేది ఏటిగట్టు. పడిన వాన నీటిని బయటికి పంపేది మురుగు కాల్వ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చినప్పుడు గట్లు ఆగలేదు. గండ్లు పడి వూళ్ళకు వూళ్ళు మునిగాయి. ఆనకట్ట లేకనో, బ్యారేజి లేకనో కాదు. గట్టు చాలక.

మురుగు సంగతి అంతకంటే కష్టం. కాల్వలు వచ్చాక సార్వా, దాళ్వా రెండు పంటలూ పండించాము. పొలానికి నీరు తెచ్చే దారి మీద వున్న శ్రద్ధ, పొలం నుంచి నీరు పోయే దారి మీద లేకపోయింది. డెల్టా మునకలు చూసి 1964లో మిత్రా సంఘాన్ని వేశారు. డ్రెయిన్లు బాగుచేయాలని ఆ సంఘం చెప్పింది. 1968లో రైతుల నుంచి డ్రెయినేజి సెస్సు వసూలుకు చట్టం కూడా వచ్చింది. కొంత పని జరిగింది. తరువాత తూడు, గుర్రపుడెక్క, ఆక్రమణలు మళ్ళీ పేరుకున్నాయి.

అందరి నీరూ వచ్చి చేరేది కొల్లేరుకు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, రెండు డెల్టాల మురుగు, అన్నీ ఆ తాంబాళంలోనే పడాలి. బయటికి పోయే దారి ఒక్క వుప్పుటేరు. తాంబాళంలో చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువుల గట్లు కొట్టించారు. పెదఎడ్లగాడి దగ్గర కిక్కిస, గుర్రపుడెక్క తీస్తేనే నీరు లాగుతుందని లంక వూళ్ళలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచినప్పుడు ఆ నీరు దిగింది మన కొల్లేరులోకే. లంక గ్రామాల వారు దోనెల మీద తిరిగారు. అటు ఎర్రకాల్వ పొంగినప్పుడల్లా తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలు నీటిలో నానుతాయి. నాట్లు వేసిన పది రోజులకు మునిగితే ఆ రైతు మళ్ళీ నారు ఎక్కడ తెస్తాడు, మదుపు ఎవరిస్తారు?

కాటన్ ఈ సీమకు వచ్చినప్పుడు చేసిన మొదటి పని నేలను నడిచి చూడడం. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, నీరు ఎటు పోవాలి అని చూశాకే కాగితం మీద గీత గీశాడు. మన వూళ్ళలో కూడా ఆ పని చేయవచ్చు. వేసవిలో కాల్వలు కట్టేసిన నెలలలో ప్రతి వూరి రైతులూ నీటి సంఘం వారితో కలిసి తమ బోదె దగ్గర నుంచి మేజరు డ్రెయిన్ దాకా ఒకసారి నడిచి చూస్తే చాలు. ఏ తూము కింద పూడిక వుంది, ఏ గట్టు మీద పందికొక్కులు బొరియలు చేశాయి, ఎవరి చేలో డ్రెయిన్ సన్నబడింది అన్నది కంటికి కనిపిస్తుంది. దానిని రాసి సంతకాలు చేసి అధికారులకు ఇవ్వవచ్చు. తొలకరి పడ్డాక అరిచి లాభం లేదు. వరద గట్టు మీద కాపలా రాత్రికి రాత్రి నేర్చుకునేది కాదు.

మే 15న కాటన్ దొర విగ్రహానికి దండ వేసేటప్పుడు ఒక సంగతి తలచుకోవాలి. ఆ నెలలోనే కాల్వలు ఎండి వుంటాయి. డ్రెయిన్లు తవ్వుకునే అదను అదే. దండ వేసి ఇంటికి పోయినవారి కంటే, పార తీసుకుని మురుగు కోడు వైపు నడిచినవారే ఆయన పని ముందుకు తీసుకుపోయినవారవుతారు.